గోడ మీద బొమ్మ, మంచం మీద అమ్మమ్మ

తాతయ్యకి గోడ కనబడితే చెయ్యి ఊరుకోదు. చుట్టాలింటికి పలకరింపుకి వెళ్ళినా, కుర్చీలో కూర్చోకముందే వాళ్ళ క్యాలెండర్ వంకర సరిచేస్తాడు. ఇంటివాళ్ళు మొహామొహాలు చూసుకుంటారు. అమ్మమ్మ తల కొట్టుకుంటుంది.

ఆయన ఉద్యోగం అలాంటిది. ఇప్పటి చిత్రకారులు వేసిన బొమ్మల్ని బడులకీ, ఆఫీసులకీ, ఆసుపత్రులకీ అరువిచ్చే సంస్థలో పని. లైబ్రరీ పుస్తకాల్లాగే కొన్నాళ్ళు ఉంచుకుని తిరిగి ఇచ్చేయాలి. బొమ్మని వ్యాన్‌లో తీసుకెళ్ళి, మేకు దిగ్గొట్టి, తగిలించి, గడువయ్యాక దింపి ఇంకోటి పెట్టి రావాలి. బొమ్మ నడుమ భాగం నిలబడ్డ మనిషి కళ్ళకి ఎదురుగా ఉండాలన్నది తాతయ్య లెక్క. ఆ నిలబడ్డ మనిషి ఎవరో కాదు, ఆయనే. కొంచెం పొట్టివాడైతే ఊళ్ళో బొమ్మలన్నీ జానెడు కిందికి దిగేవి.

ఒకసారి తగిలించాక దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఒక ఆఫీసులో మేనేజరు బీరువా పెట్టుకోవడానికి బొమ్మని పక్కకి జరిపించాడని తెలిసి, వెళ్ళి ఆయనకి గడ్డి పెట్టి వచ్చాడు. బొమ్మల్ని ఎవరైనా ఒక్క మాటంటే పడడు. ఇంతకీ మీకేం అర్థమైందని అడిగితే మాత్రం, టీ తాగుదాం రమ్మంటాడు.

అమ్మమ్మ ఆ బొమ్మల్ని చూడ్డానికి ఏనాడూ వెళ్ళలేదు. "ముందు మనింటి గోడకి సున్నం వేయించండి. ఊళ్ళో గోడల సంగతి తర్వాత చూద్దాం" అనేది.

అలాంటి అమ్మమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చేతికి సూదులు గుచ్చి, రక్తాన్ని మిషన్‌లోకి పంపి, శుభ్రం చేసి మళ్ళీ ఎక్కిస్తారు. పూటంతా కదలకుండా పడుకోవాలి. మొదటిరోజు బిక్కుబిక్కుమంటూ ఆ గదిలోకి అడుగుపెట్టిన తాతయ్యకి ప్రాణం లేచొచ్చింది. మంచానికి ఎదురుగా గోడ మీద ఉన్నది ఆయన తగిలించిన బొమ్మే. ఆ సంగతి నర్సుకి చెప్పాడు, పక్క మంచం మీది బస్సు డ్రైవరుకి చెప్పాడు, నేల తుడిచే ఆవిణ్ణి ఆపి మరీ చెప్పాడు.

"చూశావా, నీకు సరిగ్గా ఎదురుగా ఉంది!"

"ఏది?" అంది అమ్మమ్మ. "నాకు లైటు కనిపిస్తోంది."

తాతయ్య నవ్వేశాడు. మంచమెక్కినా ఎగతాళి మానలేదనుకున్నాడు.

కొన్ని వారాలకి ఎగతాళి మానేసింది. అప్పుడు భయం వేసింది ఆయనకి. ఒక పొద్దున ఆసుపత్రికి బయల్దేరే వేళకి అమ్మమ్మ చెప్పులు తొడుక్కోలేదు.

"నేనింక రానండీ."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"ఇవాళ ఒక్కపూట సంగతి కాదు. ఇంక చాలు. సూదులు ఓర్చుకుంటున్నా. ఆ పడకే నా వల్ల కావట్లేదు. కళ్ళు తెరిస్తే ఆ తెల్ల గీత, మూస్తే మిషన్ చప్పుడు."

"చూడ్డానికి బొమ్మ ఉంది కదే!"

"మళ్ళీ బొమ్మ!" అంది అమ్మమ్మ. "కనబడట్లేదని ఎన్నిసార్లు చెప్పాలి? నా మాట మీ చెవికెక్కింది ఎప్పుడు గనక?"

మానేస్తే మనిషి ఎక్కువ రోజులుండదని డాక్టరు ముందే చెప్పాడు. అది ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. కూతురు ఫోన్లో ఏడ్చి బతిమాలితే, "సరే, ఇదే ఆఖరు" అని అమ్మమ్మ లేచింది.

అమ్మమ్మకి సూదులు పెట్టారు. డ్రైవరు మిషన్ పెట్టించుకునే ముందు బరువు చూసుకోవడానికి లేచి వెళ్ళాడు. తాతయ్య ఆ ఖాళీ మంచం మీద కూలబడి, అలాగే వెనక్కి వాలిపోయాడు.

"తాతగారూ, అది పేషెంట్ల మంచం!" అని నర్సు కేకేసింది.

ఆయన లేవలేదు. ఎదురుగా ఫ్రేము ఉంది. దాని అద్దంలో పైకప్పు ట్యూబులైటు నిలువునా పడుకుని ఉంది. దాని వెనక బొమ్మ లేదు. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. లైటే. పడుకునేవాళ్ళ గదిలో ఆయన నిలబడ్డవాళ్ళకి బొమ్మ తగిలించాడు.

డ్రైవరు తిరిగొచ్చాడు. తాతయ్య అప్పటికి లేచి కూర్చున్నాడు.

"నాకు ఒక్కరూ చెప్పలేదేం?"

"మొదట్లోనే చెప్పాం పెద్దాయనా. బొమ్మ జోలికొస్తే ఊరుకోనన్నారు. తర్వాత అలవాటైపోయింది. అక్కయ్యగారి మంచం మీద ఇంతకుముందు ఒకావిడ ఉండేది. మొహమ్మీద తువ్వాలు కప్పుకునేది పాపం."

"ఇప్పుడు రావట్లేదా?"

డ్రైవరు దిండు సర్దుకుంటూ ఉండిపోయాడు.

తాతయ్య వ్యాన్ నుంచి నిచ్చెన తెచ్చాడు.

"మీ ఆఫీసులో అడగొద్దా?" అంది నర్సు.

"అడుగుతాలేమ్మా, తర్వాత."

బొమ్మ వెనక తగిలించే తీగ పొడుగు చేసి, దాన్ని కాస్త కిందికి జార్చాడు. అట్టముక్క మడిచి పైఅంచు వెనక దోపాడు. బొమ్మ ముందుకి వంగింది. నిలబడి చూసేవాళ్ళకి ఇప్పుడో ఇంకాసేపటికో మీద పడేటట్టుంది.

"ఇప్పుడు?" అన్నాడు, అమ్మమ్మ వైపు తిరిగి.

"లైటుంది."

ఇంకో అట్టముక్క దోపాడు. "ఇప్పుడు?"

"సగం పోయింది."

"ఇంకాస్త వంచండి, ఇంకాస్త... హాఁ, రానివ్వండి!" అని డ్రైవరు బస్సు వెనక్కి తీయిస్తున్నట్టు అరిచాడు.

అమ్మమ్మకి బొమ్మ కనబడింది. మేడ మీద ఆరేసిన దుప్పట్లు. ఒక దుప్పటి కింద నుంచి ఎవరివో రెండు కాళ్ళు. అంతే బొమ్మ.

"ఇదా! ఇన్నాళ్ళూ దీనికోసమా అందరి మీదా ఎగిరిపడ్డారు?"

తాతయ్య నిచ్చెన మీదే తల దించుకున్నాడు.

"ఆ కాళ్ళు మగాడివి" అంది అమ్మమ్మ. "పని తప్పించుకుని అక్కడ నక్కాడు."

"ఆడమనిషివి అక్కయ్యగారూ. బట్టలు తీస్తోంది."

"మగాళ్ళ వేషాలు నాకు చెప్తావా? ఏవండీ, ఎవరివి ఆ కాళ్ళు?"

ఎవరివో ఆ బొమ్మ వేసినమ్మాయి తాతయ్యకి ఏనాడో చెప్పింది.

"కనుక్కుని చెప్తాలే."

"ఎప్పుడు?"

"ఎల్లుండి" అన్నాడు తాతయ్య, తీగ సర్దుతున్నట్టు అటు తిరిగి.

అమ్మమ్మ ఆయన వీపు వైపు చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఎత్తులు ఆవిడకి తెలియనివి కావు.

"సరే, ఎల్లుండి వస్తాను. ఆ పైన మాత్రం నన్నడక్కండి" అని కళ్ళు మూసుకుంది.

తాతయ్య నిచ్చెన దిగి ఆవిడ తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎల్లుండి తర్వాత మళ్ళీ రావాల్సిన రోజుకి ఏం చెప్పి రప్పించాలో ఆయనకి ఇంకా తోచలేదు.