సాక్ష్యం చెప్పాక తిరగబెట్టిన దగ్గు

ఆ ఆదివారం ఒడిశా రాయగడలోని మా చర్చిలో పాట ఎత్తుకున్నాను, రెండో చరణానికి ఊపిరి అందలేదు. ఏళ్ల తరబడి ముందు వరసలో పాడిన గొంతు నాది. సాయంత్రాలు జ్వరం అప్పటికే వస్తోంది, ఎండదెబ్బ అనుకున్నాను.

పెద్దాసుపత్రిలో కఫం టెస్ట్, ఎక్స్‌రే చేసి టీబీ అన్నారు. డాక్టరుగారిది ఒడియా, వచ్చిన తెలుగులోనే చెప్పారు. "భయం లేదు. ఆరు నెలల కోర్సు. నేను స్టాప్ అనేదాకా స్టాప్ లేదు."

చర్చి ఆడవాళ్లు నన్ను కడుపులో పెట్టుకు చూశారు. ఆ మాట చెప్పకపోతే కళ్లు పోతాయి. నా కూతురికి అన్నం పెట్టారు, నాకోసం ఉపవాసాలున్నారు. రెండో నెలకల్లా దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. మా దగ్గర స్వస్థత పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. నేనూ ఏడుస్తూ చెప్పాను. మర్నాడు మా ఇంటికొచ్చిన పాస్టరమ్మ కంట మాత్రలు పడ్డాయి.

"ఏటమ్మీ, బాగైపోనాదని అందరి ముందూ సెప్పేవు. మరి ఈ మాత్రలేటి? నీ సాక్ష్యం అబద్ధమా?"

ఆ రోజునుంచే మాత్రలు ఆపేశాను.

కొన్ని వారాలకే దగ్గులో నెత్తురు పడింది. "సగంలో ఆపితే రెసిస్టెన్స్ వస్తుంది, ఇక మందులు పనిచెయ్యవు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదమ్మా!" అని డాక్టరుగారు కేకలేశారు. దేవుడి దయ, రెసిస్టెన్స్ రాలేదు. పిల్లకీ ఏమీ లేదన్నారు. కోర్సు మళ్లీ మొదటినుంచి.

కాస్త కోలుకుని చర్చికి వెళితే, నా అవిశ్వాసం వల్లే జబ్బు తిరగబెట్టిందని ఒప్పుకోమన్నారు. లేచి నిలబడ్డాను. "ఈ మాత్రలూ దేవుడిచ్చినవే. వేసుకుంటాను. ఇదే నా సాక్ష్యం" అన్నాను. ఒక్కరూ ఆమెన్ అనలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు.

మొదట్లో ఆదివారమొస్తే ఏడుపే. దేవుడూ నన్ను వదిలేశాడనుకున్నాను. మా అమ్మ కసిరింది. "సర్చి మానేవు గానీ దేవుణ్ణి మానేవేటే? ఆయనకి నీ ఇల్లు తెలీదా?"

నిజమే, తెలుసు. ఇదివరకు భయపడి అడుక్కునేదాన్ని. ఇప్పుడు పొయ్యి దగ్గర అన్నం వారుస్తూ మాట్లాడతాను, ఎక్కువగా థాంక్స్ చెప్పడమే. డాక్టరుగారికి, మాత్రలకి, ఆనాడు నా పిల్లకి అన్నం పెట్టిన ఆ ఆడవాళ్లకి కూడా. కోర్సు పూర్తయింది. ఎక్స్‌రే క్లియర్. ఇంట్లో పాడుకుంటున్నాను, ఊపిరి చాలుతోంది.

నాలాంటి అక్కచెల్లెళ్లకు ఒకటే మాట. ప్రార్థన చేసుకోండి, మాత్ర మాత్రం డాక్టరు చెప్పేదాకా ఆపకండి. సాక్ష్యానికి తొందరేముంది? దేవుడు ఆగుతాడు, టీబీ ఆగదు.