కట్టెముక్క నడుమ వేడి

రూతు లెక్క తప్పితే ఒప్పుకుంటుంది. తప్పకముందే ఒప్పుకోమంటే మాత్రం ఆమె దగ్గర కుదరదు. మొగల్తూరు దగ్గర ఒక రొయ్యల మేత ఫ్యాక్టరీ ఉంది. అక్కడ బాయిలర్ కోసం సరుగుడు దుంగల్ని ముక్కలు చేసే షెడ్డులో వాళ్లమ్మ సంపూర్ణమ్మ కూలి. ఆ కూలితోనే చదివి, రూతు కాకినాడలో పీహెచ్‌డీ దాకా వచ్చింది. మంటలో పడ్డ కట్టెముక్కలో వేడి పైనుంచి నడిమికి ఎలా పాకుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె పని. "దీనికి చదువెందుకే, పొయ్యి దగ్గర కూర్చుంటే చాలదూ!" అని చుట్టాలు నవ్వేవాళ్లు. రూతూ నవ్వేది, లెక్క మాత్రం మానేది కాదు.

ఈ వానాకాలం ఆ బాయిలర్ మొరాయించింది. ముక్కలు పైన బొగ్గయి, లోపల పచ్చిగానే బయటికొస్తున్నాయి; ఆవిరి చాలడం లేదు. యజమాని శ్రీనివాసరాజు విసిగిపోయి, కట్టె మానేసి బొగ్గుకి మారిపోతానన్నాడు. అంటే షెడ్డు మూతే. సంపూర్ణమ్మకీ, అక్కడి ఆడవాళ్లందరికీ నోటికాడ కూడు లాగేసినట్టే.

సెలవుకి ఇంటికొచ్చిన రూతు ల్యాప్‌టాప్ చంకనబెట్టుకుని నేరుగా ఆయన దగ్గరికెళ్లింది. "ముక్క మందం తగ్గిస్తే చాలండి" అంది.

"కంప్యూటర్లో మంట పెడితే ఇక్కడ ఆవిరొస్తుందా అమ్మా?" అన్నాడాయన.

"రాదండి. ఎప్పుడొస్తుందో ముందే చెబుతుందండి. ఒక్క ముక్క మీద చూపిస్తాను. తప్పితే మీ ఇష్టమండి."

లావుపాటి ముక్కకి నడిమిదాకా బెజ్జం వేయించి, వేడి కొలిచే వైరు దూర్చి, బాయిలర్ పొయ్యిలోకి తోయించింది. తన లెక్కని స్క్రీన్ మీద ఎర్రగీతగా ముందే గీసి పెట్టింది. అసలు వేడి దాని పక్కనే నీలం చుక్కలుగా పడుతోంది. చుక్కలు వంద డిగ్రీల దాకా ఎక్కి, అక్కడే ఆగిపోయాయి.

"వైరు కాలిపోయినట్టుందమ్మా" అన్నాడు రాజు. వెనక సంపూర్ణమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

రూతు స్క్రీన్ మీది ఎర్రగీతని వేలితో చూపించింది. "వైరు బాగానే ఉందండి. లోపల వాన నీళ్లు మరుగుతున్నాయి. అవి ఇగిరేదాకా నడుమ వంద దాటదండి. నా గీత కూడా అక్కడ కాసేపు ఆగింది, చూడండి."

కాసేపటికి చుక్కలు కదిలాయి. ఎర్రగీత లేచినచోటే లేచి, దాని వెంటే పైకి పోయాయి.

"మందం సగం చేస్తే టైము నాలుగోవంతు చాలండి" అంది రూతు.

రాజు గడ్డం నిమురుకుని, దుంగలు కోసే మెషీన్ కత్తులు దగ్గరగా బిగించమన్నాడు. పల్చటి ముక్కలు బూడిదయ్యాయి, సాయంత్రం దాకా ఆవిరి మీటరు ముల్లు దిగలేదు. ఆయన ఫోన్ తీసి బొగ్గు లోడు వద్దని చెప్పేశాడు. "అమ్మాయి పొద్దుట్నుంచీ నిలబడే ఉంది, ఆఫీసులోంచి కుర్చీ తెండ్రా!" అని కేకేశాడు.

కుర్చీ వచ్చింది. రూతు వాళ్లమ్మ భుజాలు పట్టుకుని అందులో కూర్చోబెట్టింది. ఆయన ముందు ఏనాడూ కూర్చుని ఎరగని సంపూర్ణమ్మ కంగారుగా లేవబోయింది.

"కూర్చో అమ్మా" అంది రూతు. "ఆయనకి నేనింకా చెప్పాల్సింది చాలా ఉంది. టైము పడుతుంది."