అభియోగమంటే ఏందన్నా?

ఆదోనిలో కోర్టు ఎదురుగా, రేకుల కింద అర్జీలు రాసే గిడ్డయ్య దవడలో ఎప్పుడూ గుట్కా ఉంటుంది. ఎవరు కాగితం ఇచ్చినా ముందు పక్కగోడ మీద ఉమ్ముతాడు. నడుమెత్తు దాకా ఆ గోడ ఎర్రగా గారకట్టింది. మూతి తుడుచుకున్న వేలితోనే అక్షరాలు వెదుకుతాడు. పోయిన నెల కోసిగి ఊరి మద్దమ్మ, తన కొడుకు ఈరేష్ మీద పోలీసులు పెట్టిన దొంగతనం కేసు కాగితం చూపించి, "అభియోగమంటే ఏందన్నా?" అని అడిగింది. "నీ కొడుకే దొంగని తేలిపోయినట్ల. ఒప్పుకొమ్మను, తొందరగా బయటపడతాడు" అన్నాడు, చెవిలో అగ్గిపుల్ల తిప్పుకుంటూ. బెంగళూరు పనికి పోవాలనే తొందరలో, ఏ దొంగతనమూ చేయని ఈరేష్ అమ్మ తెచ్చిన ఆ మాట విని, జడ్జి అడగ్గానే ఒప్పుకున్నాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

ఈ వారం గిడ్డయ్య సొంత కొడుకు మీద కూడా అలాంటి కాగితమే వచ్చింది. టీ అంగడి ముందు నిలబడి కనిపించినోళ్లకల్లా విడమర్చి చెప్పినాడు. "అభియోగమంటే పోలీసోళ్లు అనే మాటేనప్పా. రుజువు చేయాల్సింది వాళ్లే. అంతదాకా మావోడు ఏ తప్పూ చేయనట్లే." అంత ఓపిక ఆ నోట్లో ఇన్నాళ్లూ యాడ దాచుకున్నాడో. కొడుకును చూసేదానికి జైలుకు పోతాండిన మద్దమ్మ, వెనక నిలబడి అంతా వినింది.

"ఈ మాట నీకు పోయిన నెల తెల్దా అన్నా?"

గిడ్డయ్య ఆమె వైపు చూడకుండానే పక్కకు తిరిగి ఉమ్మినాడు. తుంపర్లు ఆమె చేతిలోని జొన్నరొట్టెల మూట మీద పడినాయి.