అమ్మ తిట్టు ఏ కుప్పలోకి?

నేను బడికి పోయింది పదో తరగతి దాకానే. ఇంగ్లీషంతా భద్రాచలం లైబ్రరీలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని నేర్చుకున్నదే. ఆ ధైర్యంతోనే ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేసి పత్రికకు పంపాను. సంపాదకుడు ఫోన్ చేశారు.

"కథ బాగుందండీ. కానీ సముద్రంలో తప్పిపోయిన కొడుకు బతికొస్తే తల్లి 'ఓరి దుర్మార్గుడా' అంటుందా? ఆ తిట్టు మార్చి పంపండి, వేస్తాను."

నా పేరు అచ్చులో చూసుకోవడానికి ఒక్క తిట్టు అడ్డం! ఎక్కడలేని హుషారొచ్చింది. లైబ్రరీలో నిఘంటువులన్నీ ముందేసుకున్నాను. తిట్టంటే ఎదుటివాణ్ణి నొప్పించడానికి అనే మాట అని నిర్వచనం రాసుకున్నాను. కాగితం ముక్కల మీద తిట్లు రాసి బల్లమీద కుప్పలు పెట్టాను. గాడిద, దున్నపోతు జంతువుల కుప్ప. సన్నాసి, దద్దమ్మ చేతగానివాళ్ళ కుప్ప. పుట్టుకనూ ఆడవాళ్ళనూ లాగేవాటిని బోర్లించాను, లైబ్రేరియన్ మేడం అటే తిరుగుతున్నారు మరి. 'నీ పాడెగట్ట' లాంటివి చావుకోరే శాపాలు, అన్నింటికన్నా బరువైనవి. తల్లి నోట అవెందుకొస్తాయని ఆ కుప్పను ముందే పక్కకు నెట్టేశాను.

ఇంతలో వాన. గోదావరి పెరుగుతోందని బస్సులు ఆపేశారు. ఫోన్లో చార్జింగ్ లేదు. ఆటోలు మారి, చుట్టు తిరిగి దుమ్ముగూడెంలో ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. అమ్మ గడపలోనే నిలబడి ఉంది.

"నీ పాడెగట్ట! యాడ సచ్చినవ్‌రా? గోదారి ఎక్కుతాందని మైకుల మొత్తుకుంటాంటే, ఫోనన్న ఎత్తవైతివి!" అంటూనే కొంగుతో నా తల తుడవసాగింది.

తడిబట్టలతోనే గంతేశాను. "అమ్మా, ఇంకోసారి అను!"

"ఏంది?"

"ఆ తిట్టు!"

"తిట్టేంది? నేనెప్పుడు తిట్టిన? వానల నాని మతి గూడ పోయిందా?"

ఆమె నిజమే చెబుతోంది. పొద్దంతా నా చావునే తలుచుకుని వణికిన మనిషి. నేను ఎదురుగా నిలబడ్డాకే ఆ మాట బయటికి రాగలిగింది. బట్టలు మార్చుకోకుండానే నిర్వచనం కొట్టేసి, కథలోని తల్లి చేత ఆ మాటే అనిపించాను.

వారం తిరక్కుండానే సంపాదకుడి ఫోను. "ఇప్పుడు తల్లి తల్లిలా ఉంది. వేస్తున్నాం."

నీ మాటే అచ్చవుతోందని అమ్మకు చెప్పాను.

"గది పేపర్ల ఏస్తరా? నలుగురు చదువుతరు గదరా! నీ నోట్ల మన్నువడ!"

ఈసారి మాత్రం నిజంగానే తిట్టింది.