చిన్నమ్మ నడిచే సందు

ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడక్కపోతే నాకు అన్నం అరగదు. ఎల్బీనగర్‌లో ఉండే మా చిన్నమ్మ పొద్దున్నే కూరగాయలకు పోతుంటే, బండి మీద వచ్చినవాడెవడో మెడలోని పుస్తెలతాడు తెంపుకుపోయాడు. కబురు విని పరుగెత్తాను. అప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు. పోలీస్ స్టేషన్‌కు ఇంకా ఎందుకు పోలేదని అడిగాను.

"బోసి మెడతోని స్టేషన్‌కు ఎట్ల పోతది బిడ్డా?" అన్నాడు చిన్నాయన.

పుస్తెలు పోతే ముందు తాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేయాలి. మా ఇళ్లలో అది ఆచారం. వంటింట్లో ఉన్నదేమో పసుపు పొడి ప్యాకెట్. కొమ్ము కోసం చిన్నాయన స్కూటర్ మీద దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయి, తెరవని కిరాణా దుకాణాల షట్టర్లు కొట్టి సంపాదించేసరికి బాగా పొద్దెక్కింది. ఈలోపు దొంగ ఊరి చివరి అబ్దుల్లాపూర్‌మెట్ దాటి ఉంటాడు. నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

తర్వాత ఇంకో పంచాయితీ. తాడు తెంపిన సందు ఎల్బీనగర్ స్టేషన్ కిందికి వస్తుందా, మీర్‌పేట్ కిందికి వస్తుందా అని ఇంటికొచ్చిన వాళ్లంతా వాదన. "తప్పు స్టేషన్‌కు పోతే తిప్పి పంపుతరు," అన్నారొకరు. నేను వినకుండా దగ్గరున్న స్టేషన్‌కే తీసుకెళ్లాను. హద్దు ఎవరిదైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందేనట. ఎఫ్‌ఐఆర్ కాపీ ఊరికే ఇస్తారట. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉండి నాకది తెలియదు.

అక్కడ మామూలు చీరలో ఒకావిడ ఉంది. బాధితులకు తోడుగా ఉండటమే ఆమె పని. ఇలాంటి ఉద్యోగం కూడా ఉంటుందా అని వింతగా చూశాను. పొద్దున్నుంచి అందరూ చిన్నమ్మను అడిగింది ఒకటే, ఎన్ని తులాలని. ఆవిడ మాత్రం కొంగు జరిపి మెడ చూసింది. తాడు కోసిన గీత ఎర్రగా ఉబ్బి ఉంది.

"ముందు దవాఖానకు పోదాం. డాక్టర్ దెబ్బ రాసిస్తే కేసుకు గూడ పనికొస్తది," అంది. కావాలంటే వకీలును ఉచితంగా పెట్టిస్తారని కూడా చెప్పింది. నేను ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే నవ్వి, చిన్నమ్మ వైపు తిరిగింది.

"మీకేం కావాలె అమ్మా?"

బంగారం అంటుందనుకున్నాను.

"గా సందుల మళ్ల నడవాలె," అంది చిన్నమ్మ. "కాళ్లు వణుకుతున్నయ్. ఇగ ఇంట్లనే కూసుంటనేమో అని భయమైతుంది."

అన్నట్టే ఆ తర్వాత గడప దాటలేదు. కూరగాయలు చిన్నాయనే తెచ్చాడు. ఒక పొద్దున స్టేషన్‌లో కలిసిన ఆవిడ ఇంటికొచ్చింది. ముగ్గురం బయల్దేరాం. ఇది కూడా మీ డ్యూటీయేనా అని అడగాలనిపించింది గానీ, ఎందుకో ఆ ఒక్కటీ అడగలేదు.

సందు మూల మీద వెనక నుంచి బండి చప్పుడైంది. చిన్నమ్మ గోడకు అతుక్కుపోయి రెండు చేతులతో మెడ పట్టుకుంది. అది పాలబండి. దాని దారిన అది పోయింది. నేను చెయ్యి పట్టుకోబోతే స్టేషన్ ఆవిడ కళ్లతోనే వద్దంది.

కాసేపటికి చిన్నమ్మ ఊపిరి కూడదీసుకుంది. "మీరు ఈడనే ఆగుండ్రి," అని ఒక్కతే నడిచింది. మెడలోని పసుపుకొమ్ము కొంగు బయటికొచ్చినా దాచుకోలేదు. సందు చివర కూరగాయల బండి దాకా పోయి, గోంగూర కట్ట కొని, మా వైపు తిరిగి అరిచింది.

"గట్ల నిలబడి చూస్తున్నరేంది? రాండ్రి, ఇంటికి పోయి చాయ్ తాగుదాం!"