ఒక్కరూ మానని కస్టమర్లు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ బావగారు అంటారు. నిజానికి ఆయన మా ఓనరుకి మాత్రమే బావ, సొంత అక్క భర్త. ఓనరు పొద్దస్తమానం "బావగారూ, బావగారూ" అంటుంటే విని విని నాకూ అలవాటైపోయింది. కొరియర్ అతను కూడా అలాగే పిలుస్తాడు. మాది చిన్న చిన్న షాపులకు వెబ్‌సైట్లు తయారుచేసి, ఏడాదికింత అని ఫీజు తీసుకుని నడిపే కంపెనీ. కంపెనీ అని గొప్పగా చెప్పుకోవడమే గానీ ఉన్నది ముగ్గురం. ఓనరు లెక్కలు చూస్తాడు, నేను సైట్లు కడతాను, బావగారు కాళ్ళరిగేలా తిరిగి అమ్ముకొస్తారు. జెరాక్స్ షాపు పైన మూడో అంతస్తు, లిఫ్టు లేదు. సాయంత్రం ఆయన మెట్లెక్కి వస్తుంటే రెండో అంతస్తులో ఆగి ఊపిరి తీసుకోవడం మా గదిలోకి వినిపిస్తుంది.

అంతకుముందు ఆయన ఫ్యాన్ల కంపెనీలో సేల్స్ చూసేవారు. అది మూతపడ్డాక కొన్నాళ్ళు ఇంట్లోనే కూర్చున్నారు. బామ్మర్ది దగ్గర పనికి చేరడానికి ఆయనకు మనసొప్పలేదు. అక్కయ్యే ఇటు తమ్ముడికీ అటు భర్తకీ సర్దిచెప్పి ఒప్పించింది. ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. డ్యూటీ దిగాక ఒక్కోసారి మా వీధిలోకి వచ్చి, మెట్లెక్కే ఓపిక లేక కిందే నిలబడి ఫోన్ చేస్తుంది. ఇద్దరూ కలిసి నడుచుకుంటూ ఇంటికి పోతారు.

మొదట్లో కమిషన్ పద్ధతి తేలిక. కస్టమరు సంతకం పెడితే చాలు, పది శాతం బావగారికి. దాంతో ఆయన కనిపించిన ప్రతివాడికీ అరచేతిలో వైకుంఠం చూపించేవారు. తాళంచెవులు చేసేవాడికి మొబైల్ యాప్ చేసిస్తామన్నారు. సోఫాలు బాగుచేసేవాడికి, జనం తమ సోఫాని అన్ని వైపులా తిప్పి చూసుకునే ఏర్పాటు ఉంటుందన్నారు. అవన్నీ చేసేది ఎవరు? నేనే. నా తల ప్రాణం తోకకొచ్చేది. వాళ్ళలో చాలామంది ఏడాది తిరగ్గానే ఫీజు కట్టకుండా మానేసేవాళ్ళు.

"బావగారితో ఒక్క మాట చెప్పండి, ఎవరికి పడితే వాళ్ళకి అమ్మొద్దని" అని ఓనరుతో ఎన్నోసార్లు మొత్తుకున్నాను. ఆయన నీళ్ళు నమిలేవాడు. అక్క భర్తకు పని నేర్పే ధైర్యం ఎవరికుంటుంది? ఎదురుగా చెప్పలేని మాటని ఒక లెక్కగా మార్చి, కాగితం మీద రాసి గోడకి అంటించాడు. బావగారు తెచ్చిన కస్టమర్లలో ఒక్కరూ మానకుండా ఉన్నంతకాలం, వసూలయ్యే ప్రతి ఫీజు మీదా ఆయన కమిషన్ ఇరవై శాతం. ఒక్కరు మానేసినా మళ్ళీ పదే. మనసు నొప్పించకుండా మనిషిని దారిలో పెట్టానని ఓనరు తెగ సంబరపడ్డాడు. నాకూ బాగానే అనిపించింది.

బాగానే పనిచేసింది కూడా. రెండేళ్ళుగా ఒక్కరంటే ఒక్కరు మానలేదు. బావగారు ఫీజులు నగదుగా వసూలు చేసి కవర్లలో పెట్టి తెచ్చేవారు. "మా బావగారి చేతిలో పడ్డ కస్టమరు ఎక్కడికీ పోడు" అని ఓనరు కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. చుట్టాల ముందు కూడా అన్నాడట. ఆ రోజు అక్కయ్య మొహం వెలిగిపోయిందని బావగారే నాకు చెప్పారు. చెబుతూ ఎందుకో చెప్పులు విప్పి అరికాళ్ళు నొక్కుకున్నారు. చాలా అలిసిపోయి కనిపించారు.

పోయిన నెల కర్టెన్ల షాపు సైటులో ఫోటోలు మార్చాల్సి వచ్చి, అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది.

"షాపా? తీసేసి చాన్నాళ్ళయిందమ్మా. ఇంకా ఇంటర్నెట్టులో ఉందా అది? కర్టెన్లు కావాలని ఒకటే ఫోన్లు, చెప్పలేక చస్తున్నా. మీకు పుణ్యముంటుంది, తీసెయ్యండి."

ఆ షాపు ఫీజు మొన్ననే వచ్చింది. నాకేమీ అర్థం కాలేదు. ఇంకో నాలుగైదు చోట్లకి చేసి చూశాను. తాళంచెవులాయన నడుం పట్టేసి పని మానుకున్నాడు. డ్రైవింగ్ స్కూలు వేరెవరో కొనుక్కుని పేరు మార్చారు. సోఫాలాయన "మీ సైటు వద్దని మీ సారుకి ఎప్పుడో చెప్పానుగా" అని కసురుకున్నాడు.

సాయంత్రం రెండో అంతస్తు మెట్ల మీద బావగారిని పట్టుకున్నాను. విషయం చెప్పగానే అక్కడే గోడకి చేరబడి కూర్చుండిపోయారు.

"మొదట ఒక్కటేనమ్మాయ్. తాళంచెవులది. ఒక్కడి కోసం కమిషన్ సగం పోతుందే అనిపించింది. ఆ ఫీజు నేను కట్టేస్తేనే లాభం కదా. తర్వాత ఇంకోటి. తర్వాత ఇంకోటి. ఇప్పుడు నాకొచ్చే కమిషన్ కన్నా నేను కట్టేదే ఎక్కువ."

"మరి ఆపెయ్యొచ్చుగా?"

"ఎలా ఆపను? మీ ఓనరు ఊరంతా చాటాడు. ఇప్పుడు పోయి, ఇంతమంది మానేశారయ్యా అని చెప్పనా?" అంటూ నా వైపు చూసి నవ్వడానికి ప్రయత్నించారు. "నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలుసు. ఈ ఒక్కసారికి నానబెట్టు. నేనే చెప్తాను."

నాకు కోపం రాలేదు, నీరసం వచ్చింది. ఎవరూ చూడని సైట్లకి ఇన్నాళ్ళూ పండగకి ముస్తాబు చేసినట్టు రంగులు మార్చాను. ఆయన ఎవరూ కొనని వాటికి డబ్బు కట్టారు. సరేనన్నాను.

ఆయన చెప్పలేదు. ఈలోగా ఓనరే మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టాడు. మనిషి హుషారుగా ఉన్నాడు.

"కొత్త పద్ధతి చెప్తాను వినండి. ఏడాది ఫీజు ఒకటిన్నర రెట్లు చేద్దాం. ఇన్నాళ్ళూ అంటిపెట్టుకుని ఉన్నవాళ్ళు ఇంకాస్త కట్టరా? బావగారూ, మీ కమిషన్ పాతిక శాతం చేస్తున్నా. ఇది మీ కష్టార్జితం."

బావగారు గోడమీది కాగితం కేసి చూస్తూ ఉండిపోయారు. నేను కుర్చీలో ఇటు కదిలి అటు కదిలాను. నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నారు.

"నాకు కమిషన్ వద్దు. జీతం ఇవ్వు. ఎంతో కొంత."

ఓనరు నవ్వాడు. "ఒక్క కస్టమర్ని కూడా పోనివ్వని మీకు జీతమేంటి బావగారూ? జీతం మాలాంటి వాళ్ళకి."

"పోయారు. సగం మంది ఎప్పుడో పోయారు. ఫీజులు నేనే కట్టుకొస్తున్నా. రేటు పెంచావంటే ఇక నావల్ల కాదు."

ఓనరు నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది. నిజమేనా అన్నట్టు నాకేసి చూశాడు. తల ఊపాను. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. గోడ దగ్గరికి వెళ్ళి ఆ కాగితం ఊడదీసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్క మాట నాతో అనుంటే సరిపోయేది కదా బావగారూ" అన్నాడు చివరికి.

"నువ్వు నాతో అన్నావా?" అన్నారు బావగారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అలసటే ఉంది.

ఓనరు కూర్చున్నాడు. "సరే. జీతమే ఇస్తాను. ఎంతో మీరే చెప్పండి. ఎంతంటే అంత."

"నాకు తెలీదు. మీ అక్కనడుగు."

"ఇందులోకి అక్కనెందుకు లాగడం?"

"నా దగ్గర డబ్బెక్కడిది?" అన్నారు బావగారు. "ఇన్నాళ్ళూ ఆ ఫీజులన్నీ ఆవిడ జీతంలోంచే కట్టాం. తమ్ముడి కంపెనీ నిలబడాలి, మొగుడి పరువు నిలబడాలి అని డబుల్ డ్యూటీలు చేసింది. మన ముగ్గురికీ జీతాలిస్తున్నది ఆవిడే. ఎంతివ్వాలో ఆవిడే చెప్పాలి."

ఓనరు ఫోను తీశాడు. అక్క పేరు దాకా వెళ్ళి, నొక్కలేక బల్ల మీద బోర్లా పెట్టేశాడు.