మా ఆయన సుద్దముక్క మాటలు

పొద్దున లేవగానే తడిగుడ్డ పట్టుకుని తలుపులూ గోడలూ తుడవడం నా మొదటి పనిగా ఉండేది. ఆయన పోయాక ఆ పని లేదు. టైలరు కదా, జేబులో ఎప్పుడూ సుద్దముక్క. ఏ మాటైనా సగం నోటితో, పావు చేతులతో, మిగతాది నా గోడ మీద.

కుళాయి కారుతోందని నోటితో చెబితే చాలదూ? చెయ్యి మెలితిప్పాలి, వేళ్లు రాల్చాలి, తలుపు మీద కుళాయి, దాని కింద చుక్కలు గీయాలి. నాతో పోట్లాడినా అంతే. బీరువా మీద నన్ను గీసేవారు, తలకంటే నోరు పెద్దది. తుడుస్తూ ఇంకా తిట్టేదాన్ని. "చూశావా, ఇప్పుడు పోలిక కుదిరింది" అనేవారు.

ఒకసారి ఎవరో స్టేషనుకి దారి అడిగితే, ఆ మనిషిని వెనక్కి తిప్పి చొక్కా వీపు మీదే గీసేశారు. దారి తెలియాలంటే నడివీధిలో చొక్కా విప్పాలి. విప్పాడు కూడా, పాపం.

కట్టుకున్నందుకు భరించాను. మా అత్తగారు మాత్రం కొడుకు చేతులు ఊపుతుంటే సినిమా చూసినట్టు చూసేవారు. ఆవిడకు చెప్పడమే కానీ వినే అలవాటు లేదు. నేనేమడిగినా తలాడించి తన కథ తను చెప్పుకుపోయేవారు.

ఆయన పోయాక అదీ మానేశారు. అన్నం పెట్టనా అంటే నా చేతుల వంక చూస్తారు. దుఃఖం నాకు మాత్రం లేదా, నా మీద ఈ అలకేమిటని ఒళ్లు మండింది. నిన్న ఆడపడుచు వస్తే వంటింట్లోకి లాక్కెళ్లి అడిగేశాను.

"అలక కాదు వదినా. అమ్మకి చెవులు పోయి చాలా ఏళ్లయింది. నలుగురికీ తెలిస్తే చెవిటిదంటారని అన్నయ్య చేత ఒట్టు వేయించుకుంది. తన ఒక్కదానితోనే చేతులు ఊపితే జనం కనిపెట్టేస్తారుగా. అందుకే అందరితోనూ ఊపాడు."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అన్ని కుళాయిలు గీసిన మనిషికి, నా కోసం ఒక్క చెవి గీయడానికి చోటు దొరకలేదా?

ఇవాళ రొట్టెల పని మొదలుపెడుతుంటే ఎదురింటావిడ వచ్చింది. మీ అమ్మాయి నాలుగు రోజులుంటుందా, వెళ్లిపోతుందా అని అత్తగారిని అడిగింది. ఆవిడ బిక్కమొహం వేసుకుని నా వంక చూశారు. కంగారులో నా మోచెయ్యి తగిలి డబ్బాలో పిండంతా నేల పాలైంది. చీపురు అందుకున్నదాన్ని ఆగిపోయి, ఆ పిండిలో వేలితో బస్సు గీశాను, కిటికీలోంచి ఆడపడుచు జడ. "రేపు వెళ్తుందట" అన్నాను, ఇద్దరికీ కనిపించేలా చేతులు ఊపుతూ.

అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. "రేపే. నా మాట వింటేగా" అన్నారు ఎదురింటావిడతో.

"ఆయన జబ్బు నీకూ అంటుకుందే అక్కా" అని ఆవిడ నవ్వింది.

అంటుకుందన్నాను. ఊడ్చే పని మానేసి, చీపురు పక్కన పడేసి, బస్సు పైన సగం సూర్యుణ్ణి గీశాను.

"అంత పొద్దున్నేనా?" అన్నారు అత్తగారు.